గట్టు మీది తంగేడు: నీరడగని పూలతోట

పశువు మూతి పెట్టని మొక్క ఎందుకూ పనికిరాదని మనలో చాలామంది అనుకుంటారు. పాడి మీద బతికేవాళ్లం కనుక ప్రతి ఆకునూ మేతగానే చూడడం మనకు అలవాటు. అందుకే గట్టు బాగు చేసినా, పాల కేంద్రం వెనుక స్థలం శుభ్రం చేసినా మొదట నరికేది తంగేడునే. గేదె తినదు, నీడనివ్వదు, కట్టెకు చాలదు, ఇక ఉంచడం దేనికి అంటాం.

అయితే మన పెరట్లో వంకాయ కాయడానికీ, మునగ చెట్టు నిండుగా దిగడానికీ ఈ తంగేడుతో దగ్గర సంబంధం ఉంది. ఆ సంబంధం ఏమిటో, బోరు నీళ్లు వాడకుండా ప్రతి పాల సంఘం ఆవరణలోనూ చిన్న తంగేడు తోటను ఎలా పెంచుకోవచ్చో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

గాజువాక చుట్టూ ఏం మారింది?

గాజువాక ఒకప్పుడు పొలాల మధ్య ఊరు. పక్కన యారాడ కొండ, చుట్టూ మెట్ట భూములు, చెరువు గట్లు, ఊరుమ్మడి బయళ్లు. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. కర్మాగారంతోపాటు రోడ్లు, కాలనీలు, గోదాములు వచ్చాయి. 2005లో గాజువాక పురపాలక సంఘం మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. పరిశ్రమలతో మన పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, మన పాలకు గిరాకీ వచ్చింది. ఆ మేలును ఎవరూ కాదనరు.

ఇదే కాలంలో ఎవరూ లెక్క వేయని నష్టం ఒకటి జరిగింది. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీరు పోయకుండా గట్ల మీద పూసే తంగేడు, వెంపలి, తుమ్మి వంటి మొక్కలకు చోటు కరువైంది. ఖాళీగా మిగిలిన స్థలాన్ని వయ్యారిభామ ఆక్రమించింది. పూలు పోయిన చోట వాటి మీద బతికే ఈగలూ తగ్గుతాయి. ఈగలు తగ్గితే పెరట్లో పూత రాలుతుంది గాని పిందె నిలవదు. పూర్వం గట్టు ఉచితంగా చేసిపెట్టిన పనిని ఇప్పుడు మనం పూనుకుని చేసుకోవలసి వచ్చింది.

తంగేడు ఎలాంటి మొక్క?

తంగేడు మన దేశపు మొక్క. పప్పుజాతికి చెందిన పొద. సాధారణంగా మనిషి నడుమెత్తు నుంచి తలెత్తు వరకు పెరుగుతుంది. చిన్న చిన్న ఆకులు ఈనెకు రెండు వైపులా జంటలుగా ఉంటాయి. ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో వెడల్పాటి రేకులు రెండు కనిపిస్తాయి. తంగేడును గుర్తుపట్టడానికి ఇవే మంచి ఆనవాలు. శాస్త్రజ్ఞులు పెట్టిన ‘సెన్నా ఆరిక్యులేటా’ అన్న పేరులో రెండో మాటకు ‘చెవులు గలది’ అని అర్థం. 1753లో లినేయస్ దీనిని కేసియా జాతిలో చేర్చాడు. మన సామర్లకోటలో 18వ శతాబ్దం చివర కుంపిణీ కొలువులో ఉండి కోస్తా మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దీనిని సెన్నా జాతిలో పెట్టాడు. ఇప్పుడు ఆ పేరే చెల్లుబాటు అవుతోంది.

తంగేడు బెరడులో తోలును పదును చేసే గుణం ఉంది. రసాయనాలు రాకముందు దక్షిణ దేశంలో తోళ్ల పరిశ్రమ చాలావరకు ఈ బెరడు మీదనే నడిచింది. తంగేడు మండలను వరి మడిలో పచ్చిరొట్టగా తొక్కడం మన పెద్దలకు తెలిసిన పని. తెలంగాణలో బతుకమ్మను పేర్చే పూలలో ఇదీ ఒకటి. 2014లో ఆ రాష్ట్రం దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

ఎండను ఎలా తట్టుకుంటుంది?

విశాఖ ప్రాంతంలో సగటున ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. అయితే అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపే కురిసిపోతుంది. డిసెంబరు నుంచి మే వరకు నేల ఎండుతూనే ఉంటుంది. మన కొండల కింది ఎర్ర గరప నేలల్లో నీరు నిలవదు.

తంగేడు ఇలాంటి చోటికే తగిన మొక్క. తల్లివేరు నేరుగా లోతుకు దిగి, పైమట్టి ఎండినా అడుగు తేమను అందుకుంటుంది. ఆకులు చిన్నవి కనుక ఆవిరిగా పోయే నీరు తక్కువ. వేసవిలో కొంత ఆకు రాల్చినా తొలకరి పడగానే మళ్లీ చిగురిస్తుంది. వానల వెనుక, చలికాలంలో పూత ముమ్మరంగా ఉంటుంది. మిగతా నెలల్లోనూ అక్కడక్కడ పూస్తూనే ఉంటుంది. ఇతర పూలు లేని రోజుల్లో కూడా ఈగలకు తిండి దొరకడానికి ఇదే కారణం.

దీనికి కంచె కూడా అవసరం లేదు. పశువులు సాధారణంగా దీనిని ముట్టవు. మనం ఏ గుణాన్ని లోపమనుకున్నామో, పాడి ఉన్న ఇంట తోట నిలవడానికి ఆ గుణమే అక్కరకు వస్తుంది.

తుమ్మెదకూ తంగేడుకూ ఉన్న పొత్తు

తంగేడు పువ్వులో తేనె ఉండదు. అది ఈగకు ఇచ్చేది పుప్పొడి మాత్రమే. ఆ పుప్పొడి కూడా సులువుగా రాదు. చాలా పూలలో పుప్పొడి తిత్తి నిలువునా పగిలి పొడి పైకి రాలుతుంది. తంగేడులో తిత్తి పగలదు, చివర చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. పొదుగులో పాలున్నా పితకడం తెలిసిన చేతికే దిగినట్టు, ఈ తిత్తిలోని పొడి కూడా దాని కిటుకు తెలిసిన ఈగకే దిగుతుంది.

ఆ కిటుకు తెలిసినది తుమ్మెద. నల్లగా, నిగనిగలాడుతూ, పెద్ద శబ్దంతో తిరిగే ఈగను మనం తుమ్మెద అంటాం. ఎండు కర్రను తొలిచి గూడు పెడుతుంది కనుక వడ్రంగి తేనెటీగ అని కూడా అంటారు. ఇది పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కొట్టకుండా రెక్కల కండరాలను మాత్రం అదిరిస్తుంది. ఆ అదురుకు తిత్తి రంధ్రం నుంచి పుప్పొడి చిమ్ముతుంది. ఉదయం పూట తంగేడు దగ్గర నిలబడి వింటే, ఎగిరేటప్పటి శబ్దం పువ్వు మీద వాలగానే మారి సన్నని ‘జుయ్’ మనే మోతగా వినిపిస్తుంది. పొట్ట మీద నీలిచారలున్న చిన్న ఈగ కూడా ఈ పని చేయగలదు. అది మెత్తని నేలలో, మట్టి గోడల్లో గూడు పెడుతుంది. తేనెపట్టు పెట్టే మామూలు తేనెటీగలకు మాత్రం ఈ విద్య రాదు.

పువ్వు ఏర్పాటు కూడా గమనించదగినదే. కేసరాలు అన్నీ ఒక తీరున ఉండవు. కొన్ని గొడ్డువి. మధ్యలోని పొట్టి కేసరాల పొడిని ఈగ తన పిల్లల తిండికి పోగు చేసుకుంటుంది. కిందివైపు పొడవాటి కేసరాల పొడి ఈగ ఒంటికి అంటుకుని మరో పువ్వును చేరుతుంది. ఈగకు కూలీ, పువ్వుకు పని రెండూ ఒక్కసారే జరిగిపోతాయి.

ఇందులో మనకేమి లాభం?

వంకాయ, టమాటా పూలలోనూ పుప్పొడి తిత్తి చివరనుంచే తెరుచుకుంటుంది. గాలి ఊపుకు కొంత పొడి రాలి కొన్ని కాయలు పడతాయి. అదిరించే ఈగ వచ్చి వెళితే కాయలు బాగా నిలుస్తాయి, గింజ నిండుగా కడుతుంది. తంగేడు మీద బతికే ఈగే మన వంగ మడికీ వస్తుంది.

ఇక మునగ సంగతి. మునగాకు మన కూరకే కాక పశువుకు కూడా మంచి పచ్చిమేత. మునగ పూతకు ఏ ఈగలు అవసరమో మన విశాఖలోనే పరిశీలించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన జ్యోతి, అట్లూరి, సుబ్బారెడ్డి గార్లు తమ పరిశోధనను 1990లో ప్రచురించారు. మునగ పూలను ఫలవంతం చేయడంలో తుమ్మెదలది ముఖ్యపాత్ర అనీ, ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టు పువ్వుకు చేరితే కాపు మెరుగనీ వారు గమనించారు.

బీర, గుమ్మడి, దోస పాదులలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మోసుకుపోయే ఈగ లేకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. పశువుల శాల కప్పు మీదికి పాకించిన గుమ్మడి పాదు బాగా పూసి కూడా కాయకపోతే, ఎరువు లోపమని అనుకునే ముందు ఉదయం వేళ ఈగలు వస్తున్నాయో లేదో చూడండి.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. తంగేడు వేస్తే పాలు పెరుగుతాయని మేము అనడం లేదు. అది మేత కాదు. పాల డబ్బుతోపాటు ఇంటి ఆడవారి చేతికి వచ్చే కూరగాయల రాబడిని కాపాడే మొక్క అది. పూచిక పుల్ల ఖర్చు లేనిది.

తోట వేసే విధానం

పాల కేంద్రం వెనుక, ప్రహరీ పక్కన, పొలం గట్టు మీద, శాలకు కాస్త ఎడంగా 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు స్థలం చాలు. రోజంతా ఎండ పడాలి. వాన నీరు నిలవకూడదు. పాల క్యాన్లు కడిగిన నీరు, శాల మురుగు పారే చోటు దీనికి పనికిరాదు.

విత్తనం: తంగేడు కాయలు చదునుగా, పల్చగా, గోధుమరంగుకు తిరిగి ఎండిన తరువాత కోయాలి. ఒక్కో కాయలో 12 నుంచి 20 గింజల వరకు ఉంటాయి. నాలుగైదు కాయలు మన తోటకు సరిపోతాయి. కొండల మీద, రోడ్డు పక్కన ఉన్న మొక్కల నుంచి కొద్దిగా మాత్రమే తీసుకోండి. మొక్కలను పీకి తేవద్దు. తల్లివేరు తెగితే బతకవు.

గింజ శుద్ధి: గింజ పెంకు గట్టిది. అలాగే వేస్తే కొన్నే మొలుస్తాయి. గింజలను ఇసుకతో కలిపి గోనె మీద కాసేపు రుద్దండి. లేదా నీరు మరిగించి పొయ్యి మీద నుంచి దించి, అందులో గింజలు వేసి, రాత్రంతా అలాగే నాననివ్వండి. తెల్లారేసరికి ఉబ్బిన గింజలను విత్తుకోండి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్ది నానబెట్టండి.

విత్తడం: రోహిణి కార్తెలో నాలుగేసి అడుగుల దూరంతో జానెడు లోతు గుంటలు తీసి, తీసిన మట్టినే మెత్తగా చేసి నింపండి. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో నేల బాగా తడిసిన తరువాత గుంటకు మూడు గింజలు, గోరులోతున వేయండి. జానెడు ఎదిగాక బలమైన మొక్కను ఉంచి మిగతావి కత్తిరించండి. సంచులలో పెంచదలిస్తే పొడవాటి సంచులు వాడి, వేరు అడుగు తగలకముందే నాటండి.

పోషణ: పేడ మన దగ్గర సమృద్ధిగా ఉన్నా దీనికి కుప్పలుగా వేయవద్దు. బలం ఎక్కువైతే ఆకు ముదిరి పూత తగ్గుతుంది. మొదటి ఏడాది వానల మధ్య ఎడం వస్తే వారానికి ఒకసారి ఒక చెంబు నీరు చాలు. మొదటి వేసవిలో పది పదిహేను రోజులకొక తడి ఇస్తే మంచిది. రెండో ఏడాది నుంచి వాన నీటితోనే బతుకుతుంది. ఏటా తొలకరికి ముందు కొమ్మల చివరలు మూడో వంతు కత్తిరిస్తే పొద గుబురుగా వస్తుంది.

తోడు మొక్కలు: తంగేడులో తేనె లేదు కనుక తేనె ఇచ్చేవి కూడా ఉండాలి. ముందు వరుసలో వెంపలి, తుమ్మి చల్లండి. వెంపలి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. తుమ్మి తెల్లపూల మీద తేనెటీగలు, చిన్న సీతాకోకచిలుకలు వాలుతాయి. చోటుంటే రెండు తులసి మొక్కలు వేయండి.

గూడు: పూలు ఉంటే సరిపోదు, ఈగకు ఇల్లు కూడా కావాలి. ఒక మూల ఎండిన దుంగ, నాలుగైదు బొంగు వెదురు ముక్కలు వాన పడకుండా కట్టి ఉంచండి. పక్కన రెండడుగుల నేలను తవ్వకుండా, సిమెంటు వేయకుండా వదలండి. మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోయండి. దోమలు పెట్టకుండా రెండు రోజులకొకసారి ఆ నీరు మార్చాలి.

పాడి రైతు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసినవి

గోమార్లు, పిడుదుల కోసం పశువుల మీద కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు తేనెటీగలకు, తుమ్మెదలకు తీవ్రమైన విషం. తోట దగ్గర పశువుకు మందు కొట్టవద్దు. మిగిలిన మందు నీటిని పూల మొదట్లోగాని, ఈగలు తాగే నీటిలోగాని పారబోయవద్దు. కూరగాయలకు మందు తప్పనిసరి అయితే పూల మీద ఈగలు తిరిగే వేళ కాకుండా పొద్దుగూకిన తరువాత కొట్టండి.

తంగేడు అనుకుని కసివింద గింజలు తేవద్దు. అదీ పచ్చగానే పూస్తుంది. దాని ఆకులు పెద్దవి, కొస తేలినవి, నాలుగైదు జంటలే ఉంటాయి. నలిపితే చెడువాసన వేస్తుంది. తంగేడు ఆకులు చిన్నవి, కొన గుండ్రనివి, ఈనెకు 8 నుంచి 12 జంటల వరకు ఉంటాయి. కసివింద గింజలు దాణాలో, మేతలో కలిస్తే పశువు కండరాలు దెబ్బతిని లేవలేని స్థితి రావచ్చు. రోడ్ల పక్కన చెట్టుగా పెరిగే సీమ తంగేడు కూడా ఇది కాదు.

సీతాకోకచిలుకలు వస్తాయని లాంటానా వేయవద్దు. కొన్ని ఊళ్లలో దీనిని పులికంప అంటారు. ఇది పరదేశపు మొక్క. కరువు రోజుల్లో పశువు దీనిని తింటే కాలేయం చెడి కామెర్లు వస్తాయి, ఎండ తగిలినచోట చర్మం పగిలి ఊడుతుంది.

వయ్యారిభామ మేతలో కలిస్తే పాలు చేదెక్కుతాయి. పూత రాకముందే, చేతులకు తొడుగు వేసుకుని వేళ్లతో పీకాలి. పీకి వదిలేస్తే మళ్లీ అదే వస్తుంది. పీకిన జాగాలో తంగేడు వంటి మొక్కలను ఒత్తుగా నిలిపితే దానికి చోటు తగ్గుతుంది.

సభ్యుల సందేహాలు

తుమ్మెద కుడుతుందా? మగదానికి ముల్లు లేదు. ఆడది చేత్తో పట్టుకుంటేనో, గూటిని కెలికితేనో తప్ప కుట్టదు. తేనెటీగల్లా గుంపుగా పైబడదు.

ఇంటి దూలాలు తొలిచేయదా? రంగు వేయని ఎండు కర్రను తొలుస్తుంది. దూలాలకు రంగు వేసి, తోటలో దుంగ ఉంచితే చాలావరకు అటే పోతుంది.

ఆకుల మీద పచ్చ గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టాలా? వద్దు. అవి లేతపసుపు, తెలుపు రంగు సీతాకోకచిలుకల పిల్లలు. తంగేడు మళ్లీ చిగురిస్తుంది.

తేనె పెట్టెలు పెట్టుకోవచ్చా? తంగేడును నమ్ముకుని పెట్టవద్దు. తేనెకు కానుగ, నువ్వు చేను, తుమ్మి వంటివి దగ్గరలో ఉండాలి.

తంగేడు పూల కషాయంతో చక్కెర వ్యాధి తగ్గుతుందా? నాటువైద్యంలో వాడుక ఉంది. అది చూసి వైద్యుడు ఇచ్చిన మందు మానవద్దు.

సంఘాలకు విజ్ఞప్తి

పని చాలా చిన్నది. మాఘ, ఫాల్గుణాలలో ఎండు కాయలు ఏరి, ఒక సీసాలో బూడిదతో కలిపి సంఘం కార్యాలయంలో దాచండి. తొలకరికి ముందు జరిగే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం పెట్టి, స్థలం ఎక్కడో, మొదటి ఏడాది చెంబు నీరు పోసేదెవరో నిర్ణయించండి. ఉదయం పాలు పోయడానికి వచ్చే సభ్యులు అయిదు నిమిషాలు తోట దగ్గర ఆగి, ఏ పువ్వు మీద ఏ ఈగ వాలిందో పిల్లలకు చూపించండి.

కొత్తగా తోట వేసే వీలు లేని సంఘాలు మరో పని చేయవచ్చు. ఈసారి గట్టు బాగు చేసేటప్పుడు వయ్యారిభామను పీకి, తంగేడును వదిలిపెట్టండి. ఉన్న మొక్కను నరకకపోవడం అన్నిటికన్నా సులువైన సాగు. పశువు తినకపోయినా ఆ పొద మీద తుమ్మెద బతుకుతుంది, ఆ తుమ్మెద మన పెరట్లో కాయ నిలుపుతుంది.